ఎత్తు మారే టేబుల్: ఒక మోటారు చాలా, రెండు కావాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొందరు మడికొండ ఐటీ పార్కుకు వారంలో కొన్ని రోజులు వెళ్లి, మిగతా రోజులు ఇంట్లోనే పని చేసుకుంటారు. కొందరు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల పని ఇక్కడి నుంచే చేస్తుంటారు. నడుం నొప్పో మెడ నొప్పో మొదలయ్యాక బటన్ నొక్కితే లేచే టేబుల్ మీదికి దృష్టి వెళ్తుంది. చాలామంది షాపులో నిలబడి బటన్ నొక్కి చూసే వీలు లేకుండా ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొంటున్నారు. టేబుల్ ఇంటికి వచ్చాక వెనక్కి పంపడం పెద్ద పని, ఎందుకంటే పైన పలక కాకుండా ఒక్క ఫ్రేమే, అంటే కాళ్లూ మోటారూ ఉన్న ఇనుప చట్రమే, పాతిక కిలోల దగ్గర ఉంటుంది. అందుకే కొనే ముందు తెలియాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

ఒక మోటారు టేబుల్‌కీ రెండు మోటార్ల టేబుల్‌కీ అసలు తేడా ఏంటి?

రెండింటిలోనూ కాళ్ల లోపల పొడవాటి మరలు ఉంటాయి. మర తిరిగితే కాలు పొడవు పెరుగుతుంది, వెనక్కి తిరిగితే తగ్గుతుంది. కారు జాకీ పనిచేసే తీరే ఇది.

ఒక మోటారు ఫ్రేమ్‌లో ఆ మోటారు ఒక కాలి దగ్గర ఉంటుంది. టేబుల్ పలక కింద అడ్డంగా వెళ్లే ఆరు ముఖాల ఇనుప కడ్డీ దాని తిప్పుడును రెండో కాలికి అందిస్తుంది. రెండు కాళ్లూ ఒకే కడ్డీకి కట్టి ఉన్నాయి కాబట్టి ఒకటి ముందు, ఒకటి వెనుక కావడం దాదాపు జరగదు. ఇది దాని బలం. కానీ మొత్తం బరువు ఒక్క మోటారు మీదే పడుతుంది. పైగా కడ్డీ కలిసే చోట స్క్రూలు వదులైతే కొన్నాళ్లకు టకటక శబ్దం వస్తుంది.

రెండు మోటార్ల ఫ్రేమ్‌లో ఏ కాలి మోటారు దానిదే. మధ్యలో కడ్డీ ఉండదు, వైర్లే ఉంటాయి. ప్రతి మోటారులో హాల్ సెన్సర్ అనే చిన్న భాగం మోటారు ఎంత తిరిగిందో పల్స్‌ల రూపంలో లెక్క చెబుతుంది. కంట్రోల్ బాక్స్ రెండు లెక్కలనూ పోల్చి, ఒక కాలు ముందుకు పోతుంటే దాన్ని నెమ్మదింపజేసి రెండింటినీ సమానంగా నడుపుతుంది. అంటే ఇందులో సమతూకం ఇనుము చేతిలో కాకుండా ఎలక్ట్రానిక్స్ చేతిలో ఉంటుంది. అది బాగా చేసిన కంట్రోల్ బాక్స్ అయితే ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాదు. నాసిరకం అయితే టేబుల్ వంకరగా ఆగిపోతుంది.

మరి ఏది కొనాలి?

అమ్మేవాళ్లు బరువు, వేగం, శబ్దం అంటూ రెండు మోటార్లది గొప్పగా చెబుతారు. నా దృష్టిలో రెండు మోటార్లకు డబ్బు పెట్టడానికి అన్నిటికన్నా మంచి కారణం వేరే ఉంది: టేబుల్ ఎంత కిందికి దిగుతుంది అన్నది.

కాళ్లలో రెండు రకాలు ఉన్నాయి. ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉండే రెండంచెల కాలు, మూడు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉండే మూడంచెల కాలు. రెండంచెల కాళ్ల ఫ్రేములు మామూలుగా 70 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. మూడంచెలవి 60, 62 దాకా దిగుతాయి, పైకి 125 దాకా లేస్తాయి. ఒక మోటారు ఫ్రేములు ఎక్కువగా రెండంచెల కాళ్లతోనే వస్తాయి. మూడంచెల కాళ్లు కావాలంటే రెండు మోటార్ల ఫ్రేమే తీసుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు మన ఎత్తులు చూద్దాం. ఐదడుగుల రెండంగుళాల మనిషి కుర్చీలో పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే మోచేయి నేల నుంచి సుమారు 62 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫ్రేమ్ 71 దగ్గర ఆగి, దాని మీద రెండున్నర సెంటీమీటర్ల పలక వేస్తే కీబోర్డు 73 మీదికి పోతుంది. అప్పుడు భుజాలు పైకెత్తి టైప్ చేయాలి, లేదా కుర్చీ పెంచి కాళ్ల కింద పీట వేసుకోవాలి. లేచి పనిచేయడానికి వేలకు వేలు పెట్టి, కూర్చున్నంతసేపు భుజాల నొప్పి తెచ్చుకోవడం ఎందుకు? ఈ టేబుల్ కొన్నవాళ్లు కూడా రోజులో ఎక్కువసేపు కూర్చునే ఉంటారు.

కాబట్టి ఐదడుగుల ఆరంగుళాల లోపు వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, మూడంచెల కాళ్లే తీసుకోవాలి. అలా చూస్తే రెండు మోటార్లు తప్పవు. ఐదడుగుల తొమ్మిదంగుళాలు, ఆ పైన ఉండి, నాలుగడుగుల పలక మీద ల్యాప్‌టాప్, ఒక మానిటర్ మాత్రమే పెట్టుకునేవాళ్లకు మంచి కంపెనీ ఒక మోటారు ఫ్రేమ్ చక్కగా సరిపోతుంది. మధ్య ఎత్తువాళ్లు టేపు పట్టి కొలుచుకుని నిర్ణయించుకోవాలి. మిగిలిన డబ్బు మంచి కుర్చీకి పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. ప్రకటనలో రాసిన ఎత్తు పలకతో కలిపా, ఫ్రేమ్‌దేనా అన్నది తప్పక అడగండి. చాలావాటిలో అది ఫ్రేమ్ ఎత్తే.

70 కిలోలు, 120 కిలోలు అని రాస్తారు. నమ్మొచ్చా?

ఆ అంకె ఎత్తేటప్పటి బరువుదా, కదలకుండా నిలబడి ఉన్నప్పటిదా అని ముందు చూడాలి. నిలబడి మోసే బరువు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. మనకు కావాల్సింది ఎత్తే బరువు. మామూలుగా ఒక మోటారువి 70, 80 కిలోలు, రెండు మోటార్లవి 100 నుంచి 125 కిలోలు అని ఉంటాయి. అందులో పలక బరువు కూడా కలుస్తుంది.

రెండు మోటార్ల ఫ్రేమ్ 120 కిలోలు అంటే ఒక్కో కాలికి 60 అని అర్థం. బరువంతా ఒక పక్కనే పెడితే ఆ లెక్క నిలవదు. ప్రింటర్, సీపీయూ, రెండు మానిటర్లు అన్నీ కుడి వైపే పెట్టి, మోటారు ఆగిపోతోందని బాధపడేవాళ్లు ఉన్నారు. సర్ది పెట్టుకుంటే చాలు.

నా సలహా, రాసిన అంకెలో మూడింట రెండు వంతులకు మించి వేయకండి. పరిమితి అంచున రోజూ నడిపే మోటారు త్వరగా వేడెక్కుతుంది, గేర్లు త్వరగా అరుగుతాయి.

గ్రానైట్ పలక వేసుకోవచ్చా? మా దగ్గర చవకగా దొరుకుతుంది.

కరీంనగర్ వైపు వాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు. క్వారీ పక్కనే ఉండగా, ఇంట్లో వంటగట్టుకు వేసిన టాన్ బ్రౌన్ రాయి ముక్క మిగిలి ఉండగా, ప్లైవుడ్ ఎందుకు కొనాలని అనిపించడం సహజమే.

లెక్క వేద్దాం. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ సుమారు 35 కిలోలు తూగుతుంది. రాయికి నేరుగా స్క్రూ పట్టదు కాబట్టి కింద ప్లైవుడ్ వేసి దానికి రాయిని అంటించాలి. అది ఇంకో ఎనిమిది కిలోలు. మానిటర్లు, వాటి స్టాండు, సీపీయూ, పైన ఆనించే మన చేతుల బరువు కలిపితే 70 దాటడం ఏమంత కష్టం కాదు. అంటే ఒక మోటారు ఫ్రేమ్ పనికిరాదు. రెండు మోటార్లదైతే మోస్తుంది.

మోయగలిగినా నేను వద్దనే చెబుతాను. గ్రానైట్ నొక్కుడుకు గట్టిది, వంపుకు బలహీనం. టేబుల్ లేచేటప్పుడు ఒక కాలు క్షణం వెనకబడినా రాతిలో మెలి పడుతుంది, మూలల్లో పగులు రావచ్చు. పైగా బరువంతా పైన ఉండడంతో పూర్తిగా లేపినప్పుడు ఊపు ఎక్కువవుతుంది. అంత బరువు అంచు పిల్లల మీద పడితే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

టేకు పలక అయితే?

హాయిగా వేసుకోవచ్చు. ఒక అంగుళం మందం, నాలుగడుగులకు రెండడుగుల టేకు పలక పన్నెండు కిలోల దగ్గర ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌దీ దాదాపు అంతే బరువు. ఇంట్లో పాత టేకు తలుపు ఉంటే దాన్ని నున్నగా చేయించి వేసుకున్నా బాగుంటుంది. కాకపోతే ఒకటిన్నర అంగుళాల మందం, ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు తలుపంటే ముప్పై కిలోలకు దగ్గరగా వస్తుంది, అది మర్చిపోవద్దు. స్క్రూలు పలక మందం కన్నా పొట్టిగా ఉండేలా కార్పెంటర్‌కు ముందే చెప్పండి. కింద నుంచి బిగించిన స్క్రూ పైకి పొడుచుకొస్తే మంచి చెక్క పాడవుతుంది.

రెండు మోటార్లది ఎంత వేగంగా లేస్తుంది?

ఒక మోటారువి సెకనుకు 25 మిల్లీమీటర్లు, రెండు మోటార్లవి 35 నుంచి 40 దాకా. కూర్చునే ఎత్తు నుంచి నిలబడే ఎత్తుకు సుమారు 35 సెంటీమీటర్లు జరగాలి. ఒకదానికి 14 సెకన్లు, ఇంకోదానికి 9. ఈ ఐదు సెకన్ల కోసం డబ్బు పెట్టకండి.

పని మధ్యలో కరెంటు పోతే టేబుల్ కిందికి పడిపోతుందా?

పడదు. మర ఏటవాలు తక్కువగా ఉంటే పైనుంచి ఎంత బరువు నొక్కినా అది వెనక్కి తిరగదు, రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది. వేగం ఎక్కువ ఉన్న మోడళ్లలో మర ఏటవాలు పెరుగుతుంది కాబట్టి వాటికి విడిగా బ్రేక్ పెడతారు. రెండు రకాల్లోనూ కరెంటు పోతే టేబుల్ ఎక్కడిదక్కడే ఆగుతుంది.

సమస్య వచ్చేది తర్వాత. టేబుల్ కదులుతుండగానే కరెంటు పోతే కొన్ని కంట్రోల్ బాక్సులు తామెక్కడ ఉన్నాయో లెక్క మర్చిపోతాయి. కరెంటు వచ్చాక బటన్ నొక్కితే కిందికి మాత్రమే వెళ్తుంది, లేదా డిస్‌ప్లేలో ఏదో కోడ్ చూపిస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, దాన్ని రీసెట్ చేయాలి. టేబుల్ కింద ఏమీ లేకుండా చూసి, దిగే బటన్ పూర్తిగా కిందికి వచ్చేదాకా నొక్కండి. వదిలి, మళ్లీ అదే బటన్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టుకోండి. టేబుల్ ఇంకాస్త దిగి, కొద్దిగా లేచి ఆగుతుంది. అప్పుడు లెక్క మళ్లీ కుదిరినట్టే. చాలా మోడళ్లకు ఇదే పద్ధతి, మీదానికి వేరేగా ఉంటే దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఈదురుగాలుల రోజుల్లో, లైన్ పని కోసం ఎన్‌పీడీసీఎల్ వాళ్లు సప్లై ఆపే రోజుల్లో, ఉదయాన్నే మీకు కావాల్సిన ఎత్తుకు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇన్వర్టర్ మీద నడుస్తుందా? స్టెబిలైజర్ కావాలా?

నడుస్తుంది. టేబుల్ ఎత్తడానికి నిజంగా కావాల్సిన శక్తి చాలా తక్కువ. 80 కిలోలను సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున పైకి లేపడానికి 20 వాట్లు చాలు. మరలో, గేర్లలో రాపిడికి పోయేదీ, మోటారులో వృథా అయ్యేదీ కలిపినా ఇంటి ఇన్వర్టర్‌కు అది పెద్ద భారం కాదు. కంట్రోల్ బాక్స్ మీద అంటించిన లేబుల్‌లో గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో రాసి ఉంటుంది, చూసుకోండి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఏ దిగులూ లేదు. పాత స్క్వేర్ వేవ్‌ది అయితే దాని మీద ఉన్నంతసేపు టేబుల్‌ను కదపకపోవడమే మంచిది.

స్టెబిలైజర్ గురించి కూడా ఆ లేబులే చెబుతుంది. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన ఇళ్లలో వోల్టేజీ పడిపోయినా అది తట్టుకుంటుంది. 230 అని ఒక్కటే ఉంటే, వేసవి సాయంత్రాల్లో లైట్లు డిమ్ అయ్యే వీధుల్లో ఉండేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అన్నిటికన్నా మూడు పిన్నుల సాకెట్, సరైన ఎర్తింగ్ ముఖ్యం. టేబుల్ ఫ్రేమ్ అంతా ఇనుమే, రోజంతా మన చేతులూ కాళ్లూ దానికే తగులుతాయి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్ తీసేయండి.

కరెంటు బిల్లు పెరుగుతుందా?

రోజుకు ఎనిమిది సార్లు కదిపినా ఏడాదికి రెండు మూడు యూనిట్లు దాటదు. ఊరికే ప్లగ్‌లో ఉన్నందుకు అర వాటు తీసుకునే కంట్రోల్ బాక్స్ ఏడాదికి నాలుగు యూనిట్లకు పైనే వాడుకుంటుంది. లేపడం కన్నా ఊరికే ఉండడానికే ఎక్కువ ఖర్చు.

బ్రష్‌లెస్ మోటారు అంటే ఏంటి? దాని కోసం ఎక్కువ ఇవ్వాలా?

మామూలు డీసీ మోటారులో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, అవి రాసుకుంటూ అరుగుతాయి. బ్రష్‌లెస్‌లో ఆ రాపిడి ఉండదు, శబ్దం కూడా తగ్గుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఆ తేడా చాలా పెద్దది, ఎందుకంటే దాని మోటారు గంటల తరబడి తిరుగుతుంది. టేబుల్ మోటారు రోజంతా కలిపి రెండు నిమిషాలు తిరగడమే ఎక్కువ. చాలా కంపెనీలు పది వేల సార్లు ఎక్కి దిగేలా పరీక్షించామని చెబుతాయి. రోజుకు నాలుగు సార్లు లేపి దించినా అది ఆరేడేళ్ల పని. పసిపాప పడుకునే గదిలో టేబుల్ ఉంటే బ్రష్‌లెస్ గురించి ఆలోచించండి, లేదంటే అక్కర్లేదు.

ఎండాకాలంలో మోటారు వేడెక్కి ఆగిపోతుందా?

ఈ మోటార్లు ఆగకుండా తిరగడానికి చేసినవి కావు. రెండు నిమిషాలు నడిస్తే పద్దెనిమిది నిమిషాలు ఆగాలి అన్నది మామూలు లెక్క. కొత్త టేబుల్ వచ్చిన రోజు ఇంట్లో అందరూ వచ్చి బటన్ నొక్కి చూస్తారు, అప్పుడే అది ఆగిపోతుంది. డిస్‌ప్లేలో హాట్ అని కనబడితే ఇరవై నిమిషాలు వదిలేయండి, దానంతటదే సర్దుకుంటుంది. మే నెలలో రామగుండం, గోదావరిఖని వైపు ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో, రేకుల గదిలో, అది చల్లారడానికి ఇంకాస్త సమయం పడుతుంది. అంతకు మించి భయపడాల్సింది లేదు.

దుమ్ము విషయంలో మాత్రం కాళ్ల గొట్టాలను పొడి బట్టతో తుడుస్తూ ఉండండి. నూనె పోయకండి. లోపల ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ఉంటుంది, పైన పోసిన నూనెకు దుమ్ము పట్టి గొట్టాల మధ్య బంకలా తయారవుతుంది.

పూర్తిగా లేపితే ఊగుతోంది. రెండు మోటార్లది తీసుకుంటే తగ్గుతుందా?

తగ్గదు. ఊపుకూ మోటార్ల సంఖ్యకూ సంబంధం లేదు. గొట్టాలు ఒకదానిలో ఒకటి ఎంత లోపలిదాకా ఉన్నాయి, వాటి మధ్య ప్లాస్టిక్ దిమ్మలు ఎంత బిగువుగా కూర్చున్నాయి, పాదాలు ఎంత పొడవు, ఇవే దాన్ని నిర్ణయిస్తాయి. నిజానికి మూడంచెల కాళ్లలో అతుకులు ఎక్కువ కాబట్టి నాసిరకంవి ఇంకొంచెం ఎక్కువే ఊగుతాయి.

ముందు నేల చూడండి. పాత ఇళ్లలో షాబాద్ బండలు సమంగా ఉండవు, నాలుగు పాదాల్లో ఒకటి గాల్లో ఉంటుంది. పాదాల కింద ఉండే మరలను తిప్పి సమం చేయండి. తర్వాత అన్ని బోల్టులూ మళ్లీ బిగించండి. చాలాసార్లు దీంతోనే సగం ఊపు పోతుంది.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ప్రమాదమా?

జాగ్రత్త తప్పకుండా అవసరం. టేబుల్ దిగేటప్పుడు కింద కుర్చీ చేయి, మంచం అంచు, పిల్లవాడి తల, ఏదైనా ఉండొచ్చు. అడ్డం తగిలితే ఆగి వెనక్కి వెళ్లే ఏర్పాటు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి మోటారు తీసుకునే కరెంటు ఒక్కసారిగా పెరిగిందా అని చూస్తుంది. ఇంకోటి గైరో సెన్సర్‌తో టేబుల్ ఏ మాత్రం వాలినా పసిగడుతుంది. రెండోది ఉన్నవి మెత్తటి అడ్డంకులను కూడా త్వరగా గుర్తిస్తాయి. కరెంటుతో మాత్రమే చూసేవి ఆగేలోపు గట్టిగానే నొక్కుతాయి.

మీది ఎంత బాగా ఆగుతుందో తెలుసుకోవాలంటే ఖాళీ అట్టపెట్టె కింద పెట్టి దింపి చూడండి. చేయి పెట్టి మాత్రం చూడకండి. బటన్ల లాక్ ఉన్న మోడలే తీసుకోండి, గది వదిలి వెళ్లేటప్పుడు లాక్ చేయండి. గోడకు, కిటికీ గట్టుకు టేబుల్‌ను ఆనించకుండా కనీసం రెండంగుళాలు వదలండి.

చెడిపోతే ఇక్కడ ఎవరు బాగుచేస్తారు?

ఇది అందరికన్నా మనం ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. ఫ్రేమ్ అమ్మే కంపెనీలు చాలావరకు మోటార్లు తయారుచేయవు. డెన్మార్క్‌కు చెందిన లినాక్, ఆస్ట్రియా లాజిక్‌డేటా, జర్మనీ కెట్టరర్, తైవాన్ టైమోషన్, చైనా జీకాంగ్ లాంటి కొన్ని సంస్థలు మోటార్లు గానీ, కంట్రోల్ బాక్సులు గానీ, రెండూ గానీ చేస్తాయి. మీ ఫ్రేమ్‌లో ఎవరివి ఉన్నాయో అడిగి రాసి పెట్టుకోండి. చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి. కంట్రోల్ బాక్స్, బటన్ల ప్యానెల్, ఒక్క కాలు విడిగా అమ్ముతారా, ఎన్నేళ్లు అమ్ముతారు అని మెయిల్‌లో అడగండి. జవాబు రాతపూర్వకంగా ఉంటే తర్వాత అడగడానికి మీకు ఆధారం ఉంటుంది.

పాడైంది మోటారా, కంట్రోల్ బాక్సా అని రెండు మోటార్ల టేబుల్‌లో మీరే తేల్చుకోవచ్చు. ప్లగ్ తీసి, కంట్రోల్ బాక్స్‌లో కుడి కాలి వైరును ఎడమ దాంట్లో, ఎడమది కుడి దాంట్లో పెట్టండి. మళ్లీ ఆన్ చేసి చూడండి. ఇంతకుముందు పనిచేయని కాలే ఇప్పుడూ పనిచేయకపోతే లోపం ఆ కాలిలో ఉంది. లోపం రెండో కాలికి మారితే కంట్రోల్ బాక్స్ పోయినట్టు. ఈ సంగతి చెబితే కంపెనీవాళ్లు సరైన భాగం పంపుతారు, కొరియర్‌లో ఒక వారం మిగులుతుంది.

పిన్ను ఒకేలా ఉందని వేరే కంపెనీ కంట్రోల్ బాక్స్ తగిలించకండి. లోపల వైర్ల వరుస వేరుగా ఉండొచ్చు, పల్స్‌ల లెక్క వేరుగా ఉండొచ్చు. మోటారే కాలిపోవచ్చు.

మోటారు లేకుండా చేత్తో తిప్పేది కొనుక్కుంటే?

చెడిపోయేది తక్కువ, ధరా తక్కువే. కానీ రోజూ అన్నిసార్లు తిప్పడానికి ఓపిక ఉండాలి. ఒకే ఎత్తులో వారాల తరబడి పనిచేసేవాళ్లకు, లేదా ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరు వంతులవారీగా వాడే టేబుల్‌కు అది బాగుంటుంది. పని మధ్యలో గంటకోసారి లేచి నిలబడాలనుకునేవాళ్లకు మోటారే మేలు.

టైలర్ షాపులో కటింగ్ టేబుల్‌కు ఈ ఫ్రేమ్ వాడొచ్చా?

వాడొచ్చు, చాలా ఉపయోగం కూడా. వంగి బట్ట కత్తిరించడంతో నడుం పట్టేసే టైలర్లు ఎంతోమంది. ఒకే టేబుల్‌ను షాపులో ఇద్దరు వేర్వేరు ఎత్తు మనుషులు వాడుకోవచ్చు. కటింగ్ టేబుల్ ఆరడుగుల పైన ఉంటుంది కాబట్టి పలక కింద రెండు కాళ్లనూ కలిపే అడ్డపట్టీ అంత పొడవు సాగే రెండు మోటార్ల ఫ్రేమ్ కావాలి. పలక చివర మీద బరువంతా ఆనించి వంగే అలవాటు ఉంటుంది కనుక, కాళ్ల నుంచి బయటికి ఒక్కో పక్క అడుగు కన్నా ఎక్కువ పలక వదలకూడదు. ఇస్త్రీ పెట్టె వాడేటప్పుడు దాని వైరు టేబుల్ లేచినా లాగకుండా పొడవుగా ఉండాలి. కుట్టు మిషన్‌ను మాత్రం దీని మీద బిగించకండి. రోజంతా వచ్చే ఆ అదురుకు గొట్టాల మధ్య దిమ్మలు త్వరగా వదులవుతాయి.